క్రాసింగ్ నెలల్లో మూడో తరగతి

(మన సంఘం మండల సర్వసభ్య సమావేశంలో భోజనాలకు ముందు జరిగిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా అచ్చువేస్తున్నాం.)



కరపత్రంలో మా పేరు ఎదురుగా ‘చిన్న పిల్లల చదువు, ఇంటి బాధ్యత’ అని వేశారు. అది చూసి బయట టీ కొట్టు దగ్గర ఇద్దరు ముగ్గురు నవ్వుకున్నారు. సీడు పత్తి ధర గురించి, జీవోటీ ఫెయిలని ఆపేసిన బిల్లుల గురించి మాట్లాడాల్సిన సభలో ఒకటో తరగతి, రెండో తరగతి ముచ్చట ఎందుకని వాళ్ల అనుమానం. అడగాల్సిన మాటే. దానికి జవాబు ఇప్పుడే చెప్పం. మా ఇంట్లో జరిగింది ముందు చెబుతాం, అది చెప్పుకుంటూ పోతే ధర దగ్గరికే వస్తాం.

మా మనుమడు మన ఊరి సర్కారు బడిలో మూడో తరగతి. పోయిన సంక్రాంతి దాటిన తర్వాత వాణ్ని తీసుకుని గద్వాలకు పోదామని రోడ్డు మీద నిలబడ్డాం. దూరం నుంచి బస్సు వస్తోంది. మా కంటికి బోర్డు మసకగా ఉంది. ‘ఏ బస్సురా అది, చదువు’ అన్నాం. వాడు బోర్డు వైపు చూశాడు, మా మొహం చూశాడు, ‘అయిజ బస్సు తాతా’ అన్నాడు. బస్సు వెళ్లిపోయింది. వెనక అద్దం మీద చూస్తే గద్వాల. పిల్లాడు పొరపడ్డాడులే అనుకుని, పక్కన గోడ మీద ఉన్న అదే పేరు చూపించి చదవమన్నాం. ‘గ’ అన్నాడు, ‘ద’ అన్నాడు, కింద ఉన్న వత్తు దగ్గర ఆగిపోయాడు. ఇంకా గట్టిగా అడిగితే కళ్లనిండా నీళ్లు.

ఇక్కడ మీకు ఇంకో సంగతి చెప్పాలి. ఆ పిల్లాడు ఇంట్లో పాఠం గడగడా చదివేవాడు. చుట్టాలొస్తే మేమే పిలిచి చదివించేవాళ్లం. ఒక్క మాట తప్పుపోయేది కాదు. ఆ రాత్రి ఇంటికొచ్చి అదే పుస్తకం తీసి, పాఠం మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగాం. రాలేదు. మొదటి నుంచి మొదలుపెడితే వస్తుంది, మధ్యలో వేలు పెడితే రాదు. వాడు చదవడం లేదు, విని గుర్తుపెట్టుకుని అప్పజెబుతున్నాడు. ఏడాదిన్నరగా అదే చదువు అనుకుని మేం మురిసిపోతున్నాం.

పదో తరగతి దాకా చదివి, ముప్పై ఏళ్లుగా సంఘం కాగితాలు రాస్తున్న ఇల్లు మాది. ఇది మాకు ఎంత సిగ్గుగా ఉందో మీరే ఊహించుకోండి. మర్నాడు పొద్దున బడికి పోయాం. నిజం చెప్పాలంటే సారు మీద కోపంతోనే పోయాం. జీతాలు తీసుకుంటూ వత్తులు కూడా నేర్పలేదా అని అడుగుదామనుకున్నాం.

సారు ఏం మాట్లాడకుండా హాజరు పట్టీ తీసి ముందు పెట్టాడు. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు. ఎర్ర సిరా గుర్తులు లెక్కపెట్టుకోమన్నాడు. దసరా సెలవులు పోగా బడి నడిచిన రోజుల్లో మా వాడు రానివి 27. దగ్గర దగ్గర సగం. ‘రెండో తరగతిలో కూడా ఇదే పెద్దాయనా, అప్పుడే వత్తుల పాఠాలు నడిచాయి’ అన్నాడు.

ఆగస్టు నుంచి అక్టోబరు అంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ చెప్పక్కర్లేదు. నడిగడ్డలో సీడు పత్తి క్రాసింగ్ నెలలు. సాయంత్రం ఆడమొక్కల మీద మొగ్గలు వలిచి గుర్తు పెట్టాలి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి రుద్దాలి. ఒక్క రోజు తప్పితే ఆ రోజు పువ్వు పోయినట్టే. ఇంటికి తాళం వేసి అందరం చేలోనే ఉంటాం. మా మనుమడి చేత మేం క్రాసింగ్ చేయించలేదు. ఆ మాట గట్టిగానే చెబుతున్నాం. కానీ వాణ్ని చేలోకి తీసుకుపోయాం. చంటిపిల్ల ఊయల దగ్గర కూర్చోవడానికి, బిందె దగ్గరి నుంచి నీళ్లు అందించడానికి, ఇంట్లో ఒక్కడే ఎట్లుంటాడని. రోజు కూలికి పిల్లల్ని పెట్టొద్దని మేమే మైకులో చెప్పాం. చెప్పిన రోజున మా వాడు మా వేపచెట్టు కింద ఉన్నాడు. పట్టీలో ఎర్ర సిరాకు ఈ తేడా ఏమీ తెలియదు, రాలేదంటే రాలేదనే.

ఇది మా ఒక్క ఇంటి సంగతైతే ఇక్కడ చెప్పేవాళ్లం కాదు. ఆ పట్టీలో మా వాడి పైన కింద ఉన్న పేర్ల ఎదురుగా కూడా అవే గుర్తులు. 2011 జనాభా లెక్కలను కొత్త జిల్లాలకు విడదీసి చూస్తే రాష్ట్రంలో అక్షరాస్యత అట్టడుగున ఉన్నది మన జోగులాంబ గద్వాల జిల్లాయే, సగం మందికి కూడా చదువు లేదు. కృష్ణ ఒకపక్క, తుంగభద్ర ఒకపక్క, మధ్యలో మనం. ఇక దేశం మొత్తం సంగతి చూస్తే, పల్లెటూళ్లలో పిల్లల చదువును ఇంటింటికీ పోయి పరీక్షించే అసర్ సర్వే 2024లో చెప్పిన లెక్క ఇది. సర్కారు బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. నలుగురిలో ఒకరు కూడా కాదు. 2022లో అది 16.3 శాతమే, కాబట్టి పెరిగిందనే చెప్పుకోవాలి. మిగతా ముగ్గురూ నాలుగుకు, ఐదుకు పోతూనే ఉంటారు. పుస్తకం పెద్దదవుతుంది, పిల్లాడికి చదవడం రాదు. ఆరో తరగతికి ఇంకో ఊరు పోవాలి. అక్కడ నలుగురి ముందు నగుబాటు. ఏడో తరగతిలో ‘నాకు బడి వద్దు’ అంటాడు. అప్పటికి వాడి ఎత్తు పత్తి మొక్కకు సరిపోతుంది.

ఆ గొలుసు ఎక్కడ మొదలవుతుందో వెతికితే మాకు కనపడింది ఆ వత్తే.

బడిని కూడా కాస్త చూడండి. మన ఊరి బడిలో ఐదు తరగతులు, ఇద్దరు సార్లు. సర్కారు మోసం చేసిందని మేం అనుకున్నాం. చట్టం చదివితే అందులోనే అట్లా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు చాలు. తలకు ముప్పై మంది అన్నది చూశారు గానీ, ఆ ముప్పై మంది మూడు తరగతుల వాళ్లని చూడలేదు. ఒక సారు మీటింగుకు పోతే మిగిలిన సారు ఐదు తరగతులనూ ఒక వరండాలో కూర్చోబెడతాడు. 27 రోజులు రాని పిల్లాణ్ని పట్టుకుని వెనకటి పాఠం చెప్పడానికి ఆయనకు చేతులెన్ని ఉన్నాయి? ‘తొలిమెట్టు’ అని 2022 నుంచి చదవడం, రాయడం, లెక్కల కోసం మన రాష్ట్రంలో కార్యక్రమం పెట్టారు. సార్లు చేస్తూనే ఉన్నారు. కానీ రోజూ వచ్చే పిల్లలకే అది అందుతుంది.

సారునే అడిగాం, ఇంట్లో మేం ఏం చేయాలని. ఆయన చెప్పింది మూడు నాలుగు మాటలు. కంఠతా వచ్చిన పాఠం చదివించొద్దు, కొత్తది చదివించండి. మాట కింద వేలు పెట్టి చదవమనండి. రోజూ చదివించండి, కొంచెమైనా సరే. చదివినాక పుస్తకం మూసి ఏం చదివాడో చెప్పమనండి. ఇంతే. రోజుకో గంట కూర్చోబెడదామని మేం ఉత్సాహపడితే, వద్దు, ఇరవై నిమిషాలు చాలు, ఆదివారం కూడా వదలొద్దు అన్నాడు.

ఎవరు కూర్చోవాలి? మాకు సాయంత్రాలు సంఘం పనులు. కొడుకు, కోడలు చేను నుంచి వచ్చేసరికి పొద్దుగూకుతుంది. చివరికి ఆ పని మా ఇంటామెకు పడింది. ఆమె బడి గడప తొక్కలేదు. సంతకం నేర్చుకున్నది కూడా పొదుపు సంఘంలోనే. ‘నాకేమొస్తుందని నన్ను కూర్చోబెడతారు’ అంది. పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు తడుతూ ఉంటే వాడు పక్కన పీట మీద కూర్చుని చదవాలి. ఎనిమిది రొట్టెలు అయ్యేదాకా. అదీ టైము.

మొదటి వారం గండమే. వాడు తెలివిగలవాడు. అవ్వకు చదువు రాదు కదా అని బొమ్మ చూసి సొంత కథ చెప్పేశాడు. ఆమె వింటూ వింటూ, ‘నిన్న ఈ పేజీలో నక్క చచ్చిపోయిందన్నావు, ఇవాళ ఎట్లా లేచింది?’ అని అడిగింది. వాడికి దొరికిపోయానని తెలిసింది. తర్వాత నుంచి వేలు పెట్టి మెల్లగా చదివేవాడు. ఎక్కడ గొంతు తడబడుతుందో ఆమెకు తెలిసిపోతుంది. ‘మళ్లీ చెప్పు, నాకు అర్థం కాలేదు’ అంటుంది. అంతే, తప్పని అనదు. తప్పో ఒప్పో ఆమెకే తెలియదు కదా. వాడు మళ్లీ చూసుకుని తనే దిద్దుకుంటాడు. అస్సలు రాని మాట ఉంటే దాని కింద బొగ్గుతో గీత గీసి ఉంచేవాడు. మేం రాత్రి వచ్చి చెప్పేవాళ్లం, లేకపోతే పొద్దున సారు.

చదువు వచ్చిన మేం కూర్చుని ఉంటే ఇంత బాగా జరిగేది కాదు. ఎట్లా తెలుసంటే రెండు రోజులు కూర్చుని చూశాం. వాడు నోరు తెరిచేలోపే మేం మాట అందించేస్తాం. నాలుగుసార్లు తప్పు చెబితే చెయ్యి లేస్తుంది. ఎక్కాల దగ్గర ఒక రోజు కొట్టాం కూడా. ఆ మర్నాటి నుంచి సాయంత్రం అయ్యేసరికి వాడికి కడుపునొప్పి. బడిలో కొట్టకూడదని చట్టం ఉంది, ఇంట్లో తాత చేతికి చట్టం లేదని మా ఇంటామె అన్నది. ఆ తర్వాత పుస్తకం దగ్గర మేం కూర్చోవడం మానేసి, లెక్కలు తీసుకున్నాం. అవి పుస్తకం లేకుండా చెప్పొచ్చు.

లెక్కలకు రైతు ఇల్లే పెద్ద బడి అని మాకు ఇన్నాళ్లూ తోచలేదు. చింతగింజలు పదేసి కుప్పలు పెట్టిస్తే పదులు, ఒకట్లు వస్తాయి. పది కుప్పలు కలిపి ఒక డబ్బాలో వేస్తే వంద. తీసివేతలో ‘అప్పు తెచ్చుకోవడం’ అని సారు చెబుతాడే, పిల్లలకు అది మంత్రంలా ఉంటుంది. ఒకట్లు చాలకపోతే ఒక కుప్ప చెదరగొట్టాలి అని చేత్తో చేయిస్తే ఒక్క రోజులో పట్టుకున్నాడు. ఇంట్లో పాత కొలతలు ఉన్నాయి, సోల, తవ్వ, మానిక. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. జొన్నలు పోసి చూసుకుంటే సగం, పావు అంటే ఏమిటో చేతికి తెలుస్తుంది. ఎకరానికి 40 గుంటలు, అర ఎకరం ఎన్ని, పావెకరం ఎన్ని అని చేను గట్టు మీద నడుస్తూ అడుగుతాం. కొట్టుకు పంపి చిల్లర లెక్క చెప్పమంటాం. ఇందులో ఒక్కటీ పైసా ఖర్చు లేదు. బజార్లో లెక్కల బొమ్మలని అట్టపెట్టెల్లో అమ్ముతున్నారు. చింతగింజలు చేసే పనినే అవీ చేస్తాయి.

చదవడానికి పుస్తకం తప్ప ఇంకేముంది పల్లెలో అంటారు. గోడ మీది క్యాలెండరు, బస్సు టికెట్టు, రేషను రసీదు, విత్తనాల సంచి, పెళ్లి కార్డు. మన సంఘం గోడ రాతలు కూడా. ఇక్కడ ఒక చిన్న మాట. ఊరి మొదట్లో ట్యాంకు గోడ మీద మన వాళ్లు ‘మద్దతు ధర’ అని ఎర్ర రంగుతో పెద్దగా రాశారు. మా వాడు మూడు నెలల తర్వాత దాన్ని చదివి, ‘తాతా, వత్తు తప్పు’ అన్నాడు. పోయి చూస్తే ‘మదత్తు ధర’ అని ఉంది. రెండేళ్లుగా దాని కింది నుంచి ఊరేగింపులు తీశాం, ఒక్కరమూ చూడలేదు. రాసినాయన ఇక్కడే ఉన్నాడు, నవ్వుతున్నాడు. దిద్దేశాడు లెండి.

బడిలో చిన్న కథల పుస్తకాలు పెట్టెలో ఉంటాయి. చినిగిపోతాయని భయపడి సార్లు తాళం వేస్తారు. చినిగితే మేం అంటించి ఇస్తామని చెప్పి వారానికి రెండు తెచ్చుకుంటున్నాం. మీరూ అడగండి.

ఇంగ్లీషు సంగతి చాలామంది అడిగారు. మన దగ్గర 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది, పుస్తకాల్లో ఒకపక్క తెలుగు, ఒకపక్క ఇంగ్లీషు ఉంటుంది. ఇంగ్లీషు మనకు రాదు కాబట్టి ఆ పుస్తకాన్నే ముట్టుకోవద్దని తల్లులు అనుకుంటున్నారు. ఎదురు పేజీలో తెలుగు ఉంది కదమ్మా, అది చదివించండి. అందులో ఏముందో మన మాటలో తెలిస్తే ఇంగ్లీషు పేజీ సగం తెలిసినట్టే. గట్టు వైపు ఇళ్లలో కన్నడం కలిసిన మాట, తండాల్లో లంబాడీ మాట. ఆ ఇళ్లలో పిల్లలకు పుస్తకం తెలుగే కొత్త. అవ్వ ఆ కథను తమ మాటలో చెప్పించుకున్నా సరే. కథ చెప్పడం వచ్చిన పిల్లాడికి చదవడం తొందరగా వస్తుంది. ఇంగ్లీషు వద్దని మేం అనడం లేదు, మా వాడికీ రావాలి. ‘గద్వాల’ చదవడం రానివాడికి ఇంగ్లీషు ఏ భుజాన వేలాడుతుంది అన్నదే మా ప్రశ్న.

ప్రైవేటు బడికి పంపిన ఇళ్లు కూడా ఉన్నాయి ఈ సభలో. ఆర్గనైజరు దగ్గర అడ్వాన్సు తీసుకుని ఫీజు కట్టినవాళ్లు మాకు తెలుసు. ఫీజు కట్టాం కాబట్టి చదువు వాళ్లే చూసుకుంటారని నిబ్బరంగా ఉన్నారు. ఒక్క రోజు పాఠం మధ్యలో వేలు పెట్టి చూడండి, ఇంకేం చెప్పం. ఫోను గురించి కూడా పెద్దగా చెప్పం. అందులో పాఠాలు ఉంటాయి నిజమే, మేం ఇచ్చిన నాలుగు రోజుల్లో వాడు పాఠం తప్ప అన్నీ చూశాడు.

ఇంకొకటి. హోంవర్కు అని ఒకే మాట పదిసార్లు రాయిస్తారు. మొదటిది చూసి రెండోది, రెండోది చూసి మూడోది గీస్తూ పోతారు. మూడో వరుసలో వత్తు ఊడిపోతుంది, పదో వరుస దాకా ఊడిన వత్తే. పది వరుసలు కాదు, రోజూ ఒక్క వాక్యం సొంతంగా రాయమనండి. మా వాడి మొదటి వాక్యం ‘అవ్వ రొట్టె మాడింది’. రొట్టె మాడిందా, అవ్వ మాడిందా అని ఇల్లంతా నవ్వాం. అయినా మాడిన సంగతి నిజమే, వాడి పుస్తకం వింటూ మాడ్చింది.

కోడలి సంగతి చెప్పి తీరాలి. ఐదో తరగతిలో మాన్పించి పెళ్లిదాకా చేలోనే పెంచారు ఆ పిల్లను. చదవడం మరిచిపోయానని సిగ్గుపడేది. కొడుకు పొయ్యి దగ్గర చదువుతుంటే గిన్నెలు తోముతూ వినేది. కొన్నాళ్లకు వాడి పక్కన కూర్చుని చూసేది. ఇద్దరూ కలిసి గీతలు గీసిన మాటలు దిద్దుకునేవారు. ఈ ఏడాది లెక్కలు తేల్చుకునేటప్పుడు ఆర్గనైజరు చీటీ ఇచ్చాడు. అడ్వాన్సు 40,000, వడ్డీ నూటికి రెండు రూపాయలు. మేం పైన మొత్తం చూసి జేబులో పెట్టుకున్నాం. ఆమె ఆ చీటీ తీసి అక్షరం అక్షరం చదివి, ‘మామా, మనం తీసుకుని తొమ్మిది నెలలే, ఇక్కడ పదకొండు వేశారు’ అంది. రెండు నెలల వడ్డీ 1,600. మర్నాడు పోయి అడిగితే దిద్ది ఇచ్చాడు. పొరపాటే అయి ఉండొచ్చు, ఆ మాట కాదనం. అయితే పొరపాటు అంతకుముందు ఏళ్లలోనూ జరిగిందేమో అని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పాత చీటీలు ఒక్కటీ దాచుకోలేదు.

మనం పిల్లలతో రోజూ ఒక మాట అంటాం. ‘చదవకపోతే చేలోకి పంపిస్తా, పత్తి ఏరుకుంటూ బతుకు.’ మేమూ అన్నాం. ఒక రోజు మా వాడు అడిగాడు, ‘తాతా, నువ్వు సరిగ్గా చదవలేదని చేలోకి పంపించారా?’ అని. జవాబు దొరకలేదు. గిట్టుబాటు ధర కావాలని, రైతుకు గౌరవం కావాలని రోడ్డెక్కుతాం. ఇంటికొచ్చి పిల్లల ముందు మన పనినే శిక్షగా చూపిస్తాం. ఆ మాట మా ఇంట్లో ఆపేశాం. పత్తికి తెల్లదోమ ఎట్లా పడుతుంది, కాలువలో నీళ్లు జూరాల నుంచి ఎట్లా వస్తాయి అని వాడు అడిగితే చెబుతున్నాం. అదీ వాడి పుస్తకంలో ఉన్న పరిసరాల పాఠమే.

ఇప్పుడు టీ కొట్టు దగ్గర నవ్విన అన్నలకు జవాబు. ఈ ఏడాది క్రాసింగ్ నెలల్లో మా మనుమణ్ని ఒక్క రోజు కూడా చేలోకి తీసుకుపోలేదు. దానికి ఏం చేశామంటే, మా ఇంటామె పొద్దున బడి గంట కొట్టేదాకా ఇంట్లో ఉండి, వాణ్ని పంపి, చంటిపిల్లను అంగన్‌వాడీలో దించి అప్పుడు చేనుకు వచ్చేది. పొద్దున పువ్వు రుద్దే వేళే అసలు పని వేళ. ఆమె లేని వేళకు ఇంకో మనిషిని పెట్టాం, కూలి ఇచ్చాం. ఆ కూలి మా లెక్కలో పెరిగింది, సీడు ప్యాకెట్టు ధరలో పెరగలేదు.

సీడు పత్తిలో పిల్లల పని గురించి దావులూరి వెంకటేశ్వర్లు గారి లాంటివాళ్లు 2000ల నుంచి చేసిన అధ్యయనాలు చెప్పింది ఇదే. కంపెనీలు ఇచ్చే సేకరణ ధర పెద్దలకు సరైన కూలి ఇచ్చేంత లేదు. రైతు ఆ తేడాను పిల్లల చేతులతో పూడ్చుకుంటున్నాడు. పిల్లల చేతులు సున్నితం, మొగ్గ విరగదు, ఎత్తు సరిపోతుంది అని ఆర్గనైజర్లు చెబుతారు, మనమూ తల ఊపుతాం. అసలు కారణం కూలి తక్కువని అందరికీ తెలుసు. కాబట్టి ధర అడిగేటప్పుడు మన సంఘం తయారుచేసే ఖర్చుల పట్టీలో పిల్లల పని సున్నా అని వేయాలి, మొత్తం పని పెద్దల కూలితో లెక్కగట్టాలి. ఇన్నాళ్లూ మనం ‘ఇంటి శ్రమ’ అని ఒక గీత గీసి వదిలేశాం. ఆ గీత కింద ఎవరున్నారో మనకు తెలుసు.

చట్టం కూడా తెలుసుకోండి. 2016లో మార్చిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు. ఇంటి పనికి సాయం చేయొచ్చు, అదీ బడి వేళల తర్వాత గానీ, సెలవుల్లో గానీ మాత్రమే. సాయం అన్న ఆ సందులో నుంచే మా 27 రోజులు పోయాయి. రంగారెడ్డి జిల్లాలో 1990ల నుంచి ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు ఏ సందూ ఇవ్వలేదు. బడిలో లేని పిల్ల అంటే పనిలో ఉన్న పిల్లే అని పట్టుబట్టి వేల మందిని బడికి చేర్చారు. శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే వచ్చింది ఆ పనికే. అప్పట్లో మేం వాళ్లను బయటివాళ్లు, రైతు కష్టం తెలియనివాళ్లు అని విమర్శించాం. రైతు కష్టం వాళ్లకు మనంత తెలియకపోవచ్చు. పట్టీలో ఎర్ర సిరా మాత్రం వాళ్లు మనకంటే ముందు చూశారు.

మన సంఘం నుంచి నిరుడు మూడు ఊళ్లలో సాయంత్రం చదువు మొదలుపెట్టాం. సంఘం ఆఫీసు అరుగు మీద, గంట సేపు, పిల్లలు చదవాలి, ఎవరో ఒక పెద్ద వినాలి. రెండు ఊళ్లలో నడుస్తోంది. ఒక ఊళ్లో ఆగిపోయింది. చూసుకునే పిల్లగాడికి హైదరాబాదులో పని దొరికి పోయాడు, ఇంకెవరూ ముందుకు రాలేదు. చదువు వచ్చిన మనిషే కావాలని వెతకడం మన తప్పు, వినే అవ్వ ఎవరైనా చాలు అని ఇప్పుడు తెలిసింది. ఆ ఊరు మళ్లీ మొదలుపెట్టాలి.

బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టంలో ఉంది, సగం మంది ఆడవాళ్లు ఉండాలని కూడా. మనలో చాలామంది ఆ కమిటీలో ఉన్నామన్న సంగతి కూడా మనకు తెలియదు. రిజిస్టరులో సంతకం పెట్టి వచ్చేస్తాం. ఈసారి కూర్చోండి. ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లు చాలరని తీర్మానం రాయించండి. క్రాసింగ్ నెలల్లో హాజరు పట్టీని నెలకోసారి కమిటీ ముందు చదవమనండి. పేర్లు చదివితే మనకే ఇబ్బందిగా ఉంటుంది, ఉండనివ్వండి.

మా వాడు ఇప్పుడు నాలుగో తరగతికి వచ్చాడు. వత్తులు చాలావరకు వచ్చాయి. ‘జ్ఞ’ దగ్గర ఇంకా ఆగుతాడు, భాగహారం ఇంకా రాలేదు. ముందే పట్టుకుని ఉంటే ఇంత వెనకబడేవాడు కాదు.

భోజనాలు సిద్ధమైనట్టు సైగ చేస్తున్నారు. ఒక్క పని చెప్పి ముగిస్తాం. వెనక బల్ల మీద నోటుబుక్కు పెట్టాం. ఈ ఏడాది సీడు వేసిన సభ్యులు మీ పేరు, ఊరు, మీ ఇంట్లో ఒకటి నుంచి ఐదు దాకా చదివే పిల్లలెంతమందో రాయండి. క్రాసింగ్ నెలల్లో పొద్దున వాళ్ల దగ్గర ఎవరుంటారో కూడా రాయండి. ఎవరూ లేకపోతే లేరనే రాయండి, సిగ్గుపడొద్దు, మొదటి పేరు మాదే ఉంది. రాయడం రానివాళ్లు చెప్పండి, మా కోడలు అక్కడే కూర్చుని ఉంది, రాస్తుంది.